మా వీధి వాలులో మాత్రమే నిజం చెప్పే ముల్లు

ఆ రోజుల్లో నాకు రుజువు లేనిదేదీ రుచించేది కాదు. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకొని పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగివచ్చిన కొత్త. చారులో ఉప్పెక్కువైందని ఎవరైనా అంటే "దేనితో పోల్చి?" అని అడిగేవాణ్ణి. (చాలామంది నన్ను భోజనానికి పిలవడం మానుకున్నది అందుకే కాబోలు.) మానని ఇల్లు ఒక్కటే, డెలానీపూర్‌లో మా ఇంటి పక్కనే ఉన్న మావయ్యది. ఓడల ఇంజన్లు బాగుచేసే మావయ్య, బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక అధికారి దగ్గర పాతకాలపు స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రనిది, రెండే సీట్లు, పైకప్పు మడిచేయవచ్చు. దాని పెట్రోలు ముల్లు మాత్రం ట్యాంకు నిండినా ఎండినా సగం దగ్గరే నిలబడేది.

ఆ ఏడు అత్తకు జబ్బు ముదిరింది. వైద్యులు మందులు తగ్గించి మాటలు పెంచారు. దాని అర్థం మాకందరికీ తెలుసు. ఆ కారులో చాతం జెట్టీకి వెళ్ళి, ఫెర్రీ మీద అవతల బాంబూఫ్లాట్‌కు దాటి, పుట్టింటి గడప ఒక్కసారి తొక్కాలని ఆమె కోరిక. భయమూ ఆమెదే. "దారిలో పెట్రోలైపోతే నన్నెవులు ఎత్తుకుంతారు? ఆ ముల్లు నిజం సెప్పినదాకా నానెక్కను" అంది. మావయ్య నా వైపు తిరిగాడు. "అల్లుడూ, నీ సదువుకి ఇదే పరీచ్చ."

ఇంటి ముందే కారు నిలిపి ట్యాంకు ఖాళీ చేశాం. పెట్రోలు మీద తేలుతూ ముల్లును కదిపే బెండు లోపల మొండికేసింది. దాని తీగను శుభ్రం చేసి, వంచి, లీటరు చొప్పున పెట్రోలు పోస్తూ, ముల్లు ఆగిన ప్రతిచోటా దాని పైఅద్దం మీద అత్త గోళ్ళరంగుతో గీత పెట్టాను. ఆమె వరండాలో దిండ్లకు ఆనుకొని "వొంకర గీత పెట్టి నా రంగు పరువు తియ్యకురా" అంటూ పర్యవేక్షించింది. ఒకటికి రెండుసార్లు సరిచూసుకొని, ఈ ముల్లు ఇక అబద్ధమాడదని ప్రకటించాను.

మర్నాడు ఉదయం వాళ్ళిద్దరూ కారులో, వెనక స్కూటరు మీద నేను. చాతం జెట్టీ దగ్గర వరుసలో ఆగగానే మావయ్య కేక పెట్టాడు. ముల్లు అడుగంటింది! వెనక లారీవాడు "భయ్యా, గాడీ ఆగే బఢావో!" అంటూ బండి ముందుకు జరపమని ఒకటే హారను. ట్యాంకులో వెదురుపుల్ల దించి చూస్తే బాగానే తడిసింది. అప్పుడు వెలిగింది నాకు. మా వీధి కొండవాలు. అక్కడే నడక నేర్చినవాణ్ణి కనుక ఆ వాలే నాకు చదునైన నేల. అన్నిటినీ పరీక్షించాను, కాళ్ళ కింది నేలను తప్ప. ముక్కు ఎత్తి నిలబెట్టిన కారులో పెట్రోలంతా వెనక్కి చేరి బెండును పైకెత్తింది. ఇక్కడ చదునులో అది కిందికి దిగింది; నా గీతలన్నీ ఆ వాలుకే చెల్లుతాయి.

ఇదంతా వివరించబోతే అత్త నవ్వడం మొదలుపెట్టింది. ఆయాసం వచ్చేదాకా నవ్వింది. "అయితే మనింటికాడ మాత్తరమే నిజం సెప్తాదన్నమాట! మీ మగోళ్ళు బయటే అబద్దాలాడినట్టు. పదండి, ఆగిపోతే సైంటిస్టు తోసుకొత్తాడు" అంది. అవతలి గట్టున ఎగువ ఎక్కితే ముల్లు లేచేది, పల్లం దిగితే పడేది. పడ్డప్పుడల్లా ఆమె నవ్వు స్కూటరు మోతను దాటి నాకు వినిపించేది. పుట్టింటి గడప మీద కూర్చొని, తన వదిన పెట్టిన చేపలపులుసు రెండు ముద్దలు తిని, ఉప్పు తగ్గిందంది. దేనితో పోల్చి అని నేనడగలేదు.

వానలు వెలవకముందే అత్త వెళ్ళిపోయింది. తీగ సరిచేస్తానంటే మావయ్య "ఉండనీరా" అన్నాడు. తన చూపు మందగించాక కారు తాళాలు నాకిచ్చాడు. ఇప్పటికీ బయలుదేరే ముందు వెదురుపుల్లతోనే కొలుస్తాను. పల్లంలో ముల్లు పడిపోయినప్పుడు మాత్రం పక్క సీటు వైపు చూస్తాను. అది ఖాళీ అన్నది ఎన్నడో రుజువైన విషయమే. అయినా ప్రతిసారీ మళ్ళీ సరిచూసుకుంటాను.