సూరమ్మ చెప్పిన గాదిలి

1984 ఏప్రిల్ మొదటి వారంలో నన్ను నూజివీడు పంపారు. అప్పటికి నేను ఒక వృత్తిపదాల నిఘంటువు ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగిని. మామిడి, వరి పనుల్లో వాడే మాటల్ని కోతలు ముగిసేలోగా పోగుచేసి పంపడం నా పని. ఒక్కో మాటకు ఒక్కో కార్డు. దాని మీద మాట, అర్థం, చెప్పినవారి పేరు, ఊరు రాయాలి. ఇంకొకరి నోట కూడా అదే అర్థంలో వింటే తప్ప ఆ మాట అచ్చుకు వెళ్ళదు. ఆ రెండో మనిషిని మేం సాక్షి అనేవాళ్ళం.

ఆగిరిపల్లి దగ్గర ఒక తోటలో పని మొదలుపెట్టాను. గడకు వల కట్టిన చిక్కంతో కాయ దింపేవాళ్ళూ, కింద వరిగడ్డి మీద పోసి రకాలు ఏరేవాళ్ళూ కలిపి పాతికమంది ఉండేవారు. ఏదైనా చూపించి "దీన్నేమంటారండీ?" అని అడిగితే "ఏమంటామండీ, మామిడికాయే" అనేవాళ్ళు. కాగితం పట్టుకున్న మనిషి ముందు తమ మాట తప్పేమోనని బెరుకు. వారం గడిచినా ఇరవై కార్డులు దాటలేదు.

అందుకని మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక ఆట పెట్టాను. పాత నిఘంటువులోంచి ఎవరికీ తెలియని మాట ఒకటి చెప్పేవాణ్ణి. ఒక్కొక్కరూ దానికో దొంగ అర్థం కల్పించి నా చెవిలో చెప్పాలి. చాలామందికి రాత రాదు కనుక నేనే కార్డుల మీద పేర్లతో సహా రాసుకుని, అసలు అర్థాన్ని కూడా వాటిలో కలిపి, అన్నీ ఒకే గొంతుతో చదివేవాణ్ణి. ఏది నిజమో చేతులెత్తి చెప్పాలి. తన కల్పనను ఎక్కువమంది చేత నమ్మించినవాళ్ళు గెలిచినట్టు. రెండు రోజుల్లో బెరుకు పోయింది. ఆట మధ్యలో దొర్లిన అసలు మాటలతోనే నా కార్డులు నిండసాగాయి.

సూరమ్మను ఆ ఆటలో ఓడించినవాళ్ళు లేరు. యాభై ఏళ్ళ మనిషి, కాయలు ఏరే పని, బడి ముఖం చూడలేదు. ఒకరోజు 'గాదిలి' అనే మాట ఇచ్చాను. పాత కావ్యాల్లోది, ప్రేమ, ప్రియమైనది అని అర్థం. సూరమ్మ కాసేపు ఆలోచించి నా చెవిలో చెప్పింది. "గాదె అడుగున మిగిలిపోయిన గింజలు. విత్తనానికి పనికిరావు, కోళ్ళకేస్తారు. పురుగు పడితే మాత్రం గాదిలి అనరు." అసలు అర్థానికి ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ దీనికే ఎత్తారు.

ఆట అర్థాలు కూడా ఆఫీసు కార్డుల మీదే రాయడం నేను చేసిన తప్పు. ఆ వారం పంపిన కట్టలో ఆ కార్డూ వెళ్ళిపోయింది.

పది రోజులకు మా ప్రధాన సంపాదకుల నుంచి ఉత్తరం వచ్చింది. కావ్యాల్లోని మాట తోటలో కొత్త అర్థంతో బతికి ఉండటం అరుదైన సేకరణ అనీ, స్వయంగా వచ్చి వింటాననీ, నా ఉద్యోగం ఖాయం చేయమని సిఫారసు చేస్తున్నాననీ రాశారు. ఆయన వచ్చాక ఏకాంతంగా నిజం చెబుదామనుకున్నాను. నూజివీడు బస్టాండులో దిగినప్పుడు చెప్పలేదు. ఆగిరిపల్లి దాకా బస్సులో పక్కనే కూర్చున్నాను, అప్పుడూ చెప్పలేదు.

తోటలో ఆయన గడ్డి మీదే కూర్చుని, కాయ దింపే ఒకతన్ని గాదిలి అంటే ఏంటని అడిగారు. "గాదె అడుగు గింజలండీ" అన్నాడతను. మరో ఇద్దరూ అదే చెప్పారు. మోసం చేయాలని కాదు. ఆటలో విన్నది గుర్తుంది, పెద్దాయన కూడా ఆటకే వచ్చారనుకున్నారు. ఒక సాక్షి కావలసిన చోట ముగ్గురు దొరికారు. ఆయన కలం తీశారు.

సూరమ్మ చేతిలో కాయ కింద పెట్టింది.

"అది నేను ఆటలో అల్లిందండీ. పుస్తకంలో ఎక్కించకండి," అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీరు చెప్తారనుకున్నా మేష్టారూ," అంది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అయినా నాకు తలెత్తడం కష్టమైంది. జరిగిందంతా ఆయనకు చెప్పాను.

ఆయన కోప్పడలేదు. అంత నమ్మకంగా ఎలా అల్లగలిగారని సూరమ్మను అడిగారు.

"నిజం మాటకి హద్దు ఉంటుందండీ," అందామె. "చిన్నరసం అంటే ఏ కాయో తెలిసినవాళ్ళకి, ఏ కాయను అలా అనకూడదో కూడా తెలుస్తుంది. అల్లేటప్పుడు ఆ హద్దు కూడా పెట్టామనుకోండి, నమ్ముతారు."

ఆయన తిరుగు ప్రయాణం వాయిదా వేసుకున్నారు. వెంట తెచ్చిన నా కార్డులన్నిటినీ రెండు రోజులపాటు ఆమెకు చదివి వినిపించారు. ఆట నుంచి జారిపోయినవి ఇంకో రెండు ఆమె పట్టుకుంది. నేను సరిగ్గానే రాశాననుకున్న వాటిలో పదకొండు మాటల్ని ఎక్కడ అనరో చెప్పి, అర్థాలు సరిచేసింది. అంతటి పండితుడూ ఆమె చెబుతుంటే అడ్డురాకుండా రాసుకున్నారు.

నాకు మెమో ఇచ్చారు. ఉద్యోగం ఖాయం కావడానికి మరో ఏడాది పట్టింది. నిఘంటువు అచ్చయినప్పుడు మామిడి పదాలకు సహకరించినవారి జాబితాలో సూరమ్మ పేరు అందరికన్నా ముందుంది. ఆ వరుస సంపాదకులే నిర్ణయించారు.

ఆ తర్వాత సర్వీసు మొత్తంలో ఆటకు ఆఫీసు కార్డు వాడలేదు. ఏ మాటకైనా అర్థం అడిగాక, అది ఎక్కడ చెల్లదో కూడా అడిగేవాణ్ణి. ముగ్గురు ఒకే అర్థం చెప్పినప్పుడు, ఆ ముగ్గురూ దాన్ని ఎక్కడ విన్నారో కనుక్కున్న తర్వాతే సాక్షి అని రాసేవాణ్ణి.