భుజం మీదుగా ఒక చూపు

పిల్లలూ, ఇవాళ పొద్దున లైబ్రరీకి బయలుదేరి కారులో ఇండికేటర్ వేశాను. అది టిక్కు టిక్కుమనగానే నా మెడ దానంతట అదే ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగింది. వెంటనే రెంజో గారు గుర్తొచ్చారు. మీరు శాంటా క్లారాలో పెరిగారు, ఆయన్ని చూడలేదు. అరవై దాటాక మీ నానమ్మకు డ్రైవింగ్ వచ్చిందంటే అది ఆయన పుణ్యమే.

ఆయన ఇటలీలో సాకర్ ఆడిన మనిషి. పేరుమోసిన క్లబ్బుల్లో కాదు, వాటికి ఒక మెట్టు కింది జట్లలో, మైదానం నడిమధ్యన. వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకుని ముందువాళ్లకు అందించడం ఆయన పని. మోకాలు పోయాక కోచింగ్ నేర్చుకున్నారు. భార్యది మిషిగన్ కావడంతో అక్కడి మా ఊరు నోవై వచ్చి ఆడపిల్లల జట్టుకు కోచ్ అయ్యారు. మీ అత్త కూతురు హారిక ఆ జట్టులో ఆయన ఆడిన చోటే ఆడేది. నేను మడత కుర్చీ వేసుకుని చూస్తుండేదాన్ని. గోల్ కొట్టిన పిల్లకు మేమంతా చప్పట్లు కొడుతుంటే, ఆయన మాత్రం ఆ పిల్లకు బంతి అందించిన పిల్ల దగ్గరికి వెళ్లి చేయి కలిపేవారు. మిగతా సమయమంతా ఒకటే కేక: "బంతి వచ్చాక కాదు, రాకముందే భుజం మీదుగా చూడండి!"

కార్ల కంపెనీలు కుదేలైన ఏడాది అది. ఉద్యోగం కోసం మీ మావయ్య వేరే రాష్ట్రంలోని కమ్మింగ్ వెళ్లాడు. మీ అత్తకు ఆఫీసులో ఇద్దరి పని పడింది.

"అమ్మా, స్ప్రింగ్ సీజన్ మొదలయ్యేలోగా నీకు లైసెన్స్ రాకపోతే హారికని టీమ్ మాన్పించాల్సిందే. ప్రాక్టీస్‌కి ఎవరు డ్రాప్ చేస్తారు?" అంది.

హారిక ఏడవలేదు. బూట్లు కడిగి గరాజ్‌లో పై అరలో పెట్టేసింది. అది చూసి నాకు అన్నం సహించలేదు.

రోడ్ టెస్ట్‌కు వెళ్లి తప్పాను. మళ్లీ వెళ్లి మళ్లీ తప్పాను. రెండుసార్లూ ఒకటే కారణం: లేన్ మారేటప్పుడు తల తిప్పి చూడలేదని. సంగతి తెలిసి రెంజో గారు ఒక ఆదివారం స్కూల్ పార్కింగ్ లాట్‌లో ప్రాక్టీసు కోన్లు వరసగా పెట్టి నా పక్క సీట్లో కూర్చున్నారు. ఇద్దరిదీ నెమ్మది ఇంగ్లీషే కనుక మాటలు బాగానే కుదిరాయి.

"సిన్యోరా, అద్దాలు చక్కగా చూస్తున్నారు. మెడ తిప్పరేం? నొప్పా?"

"నొప్పి కాదు కోచ్ గారూ. బయలుదేరాక వెనక్కి తిరిగి చూడకూడదు. అపశకునం. మా అమ్మ చెప్పింది."

వెనక సీట్లో హారిక మొహం కప్పుకుంది. "ఓ మై గాడ్, అమ్మమ్మా! అందుకా రెండుసార్లు ఫెయిల్ అయ్యావ్?"

ఆయన నవ్వలేదు. "మా అమ్మ కూడా అంతే, అపశకునమని మంచం మీద టోపీ పెట్టనిచ్చేది కాదు. నేను ఇప్పటికీ పెట్టను" అన్నారు. కాసేపు మోకాలు రుద్దుకున్నారు. "ఒక మ్యాచ్‌లో వెనక్కి చూడకుండా బంతి తీసుకున్నాను. వెనక నుంచి ఒకడు వస్తున్నాడు. అదే నా ఆఖరి మ్యాచ్."

నా వైపు తిరిగి మళ్లీ అన్నారు: "మీ అమ్మ చెప్పింది గుమ్మం దగ్గర. గుమ్మం దాటేదాకా ఆవిడ మాట వినండి. కారెక్కాక నా మాట వినండి."

ఇక ప్రతి కోన్ దగ్గరా "బంతి!" అని అరిచేవారు. నేను తల తిప్పేదాన్ని. హారిక కూడా గొంతు కలిపింది. నాలుగైదు ఆదివారాలు అలాగే గడిచాయి.

మూడో టెస్ట్ రోజున లేన్ మారాల్సిన చోట పక్కన ఆయన లేరు, కేకా లేదు. అయినా మెడ తిరిగింది. అద్దంలో కనిపించని ఒక చిన్న ఎర్ర కారు పక్కనే వస్తోంది! దాన్ని పోనిచ్చి, అప్పుడు మారాను. పరీక్ష పెట్టినావిడ ఏదో రాసుకుని నవ్వింది.

ఆ సాయంత్రమే బూట్లు కిందికి దిగాయి. మొదటి ప్రాక్టీసుకు హారికను నేనే తీసుకెళ్లాను. రెంజో గారు మాకు వీపు పెట్టి పిల్లలతో మాట్లాడుతున్నారు. నేను ఇంకా కారు ఆపనే లేదు, ఆయన భుజం మీదుగా ఒక్క చూపు చూసి చెయ్యెత్తారు.

తర్వాత ఒక కాలేజీ జట్టు ఆయన్ని పిలిచింది. అక్కడా ఆ కేకలే వేస్తుంటారు. నేను మాత్రం ఇవాళ్టికీ గుమ్మం దాటేటప్పుడు వెనక్కి చూడను. కారెక్కాక చూడకుండా కదలను. మా అమ్మ, రెంజో గారు ఇద్దరూ కలిసి నన్ను రోజూ క్షేమంగా ఇంటికి చేరుస్తున్నారు.