నీళ్లు ముట్టని లచ్చి

2019 మే నెల. అమీర్‌పేటలో మెట్రో తిరగడం మొదలైన రెండో ఎండాకాలం. పంజాగుట్టలోని నా క్లినిక్‌కి వచ్చేవన్నీ కుక్కలూ పిల్లులే. పశువుల డాక్టర్నన్న సంగతి నేనే మర్చిపోతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం యాదమ్మ వచ్చి, తన బర్రె మూడు రోజులుగా నీళ్లు సరిగ్గా ముట్టట్లేదని చెప్పింది.

అమీర్‌పేట హాస్టళ్ల వెనక సందులో, రేకుల కొట్టంలో ఉండేది లచ్చి. ఒకప్పుడు పది బర్రెలున్న చోట అదొక్కటే మిగిలింది. పైగా ఎనిమిది నెలల చూడిది. నేను వెళ్లేసరికి సందంతా కునుకు తీస్తోంది. పై అంతస్తుల్లో ఆరేసిన బట్టలు కదలడం లేదు. మెట్రో చప్పుడు కూడా ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి.

స్కిన్ టెంట్ చూశాను. అంటే మెడ మీద చర్మాన్ని పట్టి లాగి వదలడం. ఒంట్లో నీరుంటే వెంటనే సర్దుకుంటుంది. లచ్చి చర్మం తీరిగ్గా దిగింది. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే దూడ దక్కదని చెప్పాను. యాదమ్మ మొహం వాడిపోయింది. ఆమె భర్త మల్లయ్య మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు.

నాకు తెలిసిన విద్యంతా ప్రదర్శించాను. జ్వరం లేదు, నోట్లో పుండు లేదు. తొట్టిని నీడలోకి జరిపించాను. బెల్లం, ఉప్పు కలిపించాను. తవుడు వేసి కుడితి చేయించాను. లచ్చి మర్యాదగా వాసన చూసి మొహం తిప్పుకుంది. సెలైన్ ఎక్కించాను గానీ, అంత ఒంటికి ఆ సీసాలు ఏ మూలకి?

చివరికి విసుగొచ్చి, ఇంట్లో ఈ మధ్య ఏమైనా మారిందా అని అడిగాను. యాదమ్మ భర్త వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆయన ఈల ఏస్తేనే తాగుతది డాక్టరమ్మా. మొన్న ముంగటి పండ్లన్నీ పీకిచ్చుకున్నడు. ఈల వస్తలేదు. నువ్వు నవ్వుతవని చెప్పనియ్యలే."

నీళ్లు పెట్టేటప్పుడు ఈల వేయడం పశువులున్న ఇళ్లలో పాత అలవాటే. మా తాతగారి ఊళ్లో ఎన్నిసార్లు విన్నానో! కాలేజీలో చెప్పలేదు కాబట్టి అది వైద్యం కాదనుకున్నాను. పెదవులు చుట్టి ఊదాను. గాలి తప్ప ఈల రాలేదు. ఫోన్లో ఏదో ఈల పెట్టాను. లచ్చి చెవులాడించి ఊరుకుంది.

యాదమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, సందు అటూ ఇటూ చూసి, ఈల వేసింది. సన్నగా, పొడుగ్గా, చివర్లో కాస్త పైకి లేచే ఈల. ఆ ఎండలో ఎక్కడినుంచో చల్లగాలి తగిలినట్టయింది. బాల్కనీలో చదువుకుంటున్న అమ్మాయిలు పుస్తకాలు దించి చూశారు. లచ్చి తల తిప్పి, తొట్టిలో మూతి పెట్టింది. దాని గొంతులో గుటకలు దిగుతుంటే నేను అలాగే నిలబడిపోయాను. సంతోషంతో ఏడుపొచ్చింది.

మల్లయ్య తువ్వాలు తీసేశాడు. "నీకు ఈల సుత వస్తదా?"

"చిన్నప్పటి సంది వస్తది. ఆడది ఈలేస్తే మంచిగుండదని మీ అమ్మ అన్నది. బంద్ చేసిన."

ఆయన మూల నుంచి లేచి వచ్చాడు. తర్వాత తొట్టి దగ్గర ఆమెకు చోటిచ్చి, "జర మల్ల ఏయి, ఇంకా తాగుతది" అన్నాడు.

ఆ వేసవి తర్వాత ఏ పశువు నీళ్లు ముట్టకపోయినా, ముందు ఆ ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారో అడుగుతున్నాను. రెండు నెలలకు లచ్చి ఈనింది. ఈలోపు మల్లయ్యకు కట్టుడు పళ్లు వచ్చాయి, ఈల కూడా తిరిగొచ్చింది. అయినా నీళ్ల వేళకు ఆయన యాదమ్మనే పిలుస్తాడు.