ఒళ్లోంచి నేల మీదికి

మధ్యాహ్నం రెండు దాటాక ఉప్పల్‌లోని మా ఇంటి వరండాలోకి ఎండ వాలుగా, పలచగా వస్తుంది. ఆ వేళకు నేను కుర్చీలో వెనక్కి వాలి, మనవరాలిని గుండెల మీద వేసుకుని కూర్చునేవాడిని. దూరంగా డాబాల మీది నీళ్ళ ట్యాంకుల మధ్య నుంచి మెట్రో రైలు చప్పుడు లేకుండా జారిపోయేది. పాప ఊపిరి నా మెడకు వెచ్చగా తగిలేది. కాసేపటికి నిద్రపోయింది తనో నేనో తెలిసేది కాదు. కళ్ళు తెరిచేసరికి ఎండ గోడెక్కి ఉండేది, నా బనీను పాప చొంగతో తడిసి ఉండేది. అరవై ఏళ్ళలో నేను అంత సుఖపడ్డది లేదు.

నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు, ఇనుప రేకులను అచ్చుతో నొక్కే ప్రెస్సు నడిపి రిటైరయ్యాను. ఆ తర్వాత నాలుగు నెలలకు పాప పుట్టింది. నా కొడుకు పసితనాన్ని నేను చూసింది చాలా తక్కువ. షిఫ్టులు అలాంటివి. నేను ఇంట్లో ఉంటే వాడు నిద్రలో ఉండేవాడు, వాడు మేలుకుంటే నేను నిద్రలో ఉండేవాడిని. వాడి ముచ్చట్లన్నీ నాకు టిఫిన్ డబ్బాలో వచ్చేవి. మా ఆవిడ పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. పిల్లలు బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు చేసి పంచాలి. ఒకరోజు క్యాంటీన్‌లో మూత తీస్తే అన్నం మీద రెండు బొబ్బట్లు కనిపించాయి. ఆ రోజు పండగేమీ కాదు. "ఏందే, ఏమన్న విశేషమా?" అని పక్కాయన అడిగాడు. "మావోడు బోర్లపడ్డట్టున్నడు" అన్నాను. గారెలూ, అరిసెలూ కూడా ఆ క్యాంటీన్ బల్ల మీదే తిన్నాను. తినడమే గానీ ఒక్కటీ కళ్ళతో చూడలేదు.

అందుకే పాప పుట్టగానే ఇంట్లో అందరికీ చెప్పేశాను, ఇక నా డ్యూటీ ఇదేనని. కోడలు సెలవులో ఉన్నన్నాళ్ళు పాలిచ్చి నా చేతికిచ్చేది. ఆరు నెలలు నిండి ఆమె మళ్ళీ ల్యాబ్ ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టాక పగలంతా పాప నా దగ్గరే. ఒళ్ళో లేకపోతే భుజం మీద. మా ఇంట్లో పరిచినవి తాండూరు బండలు, చల్లగా ఉంటాయి, పైగా చీమలు. "మా మనవరాలికి నేలంటే ఏందో తెల్వదు" అని కూరగాయల బండి ఆవిడకు కూడా గొప్పగా చెప్పుకున్నాను. మా ఆవిడ ఊరుకునే రకం కాదు. "నీ కొడుకును చాప మీద పండవెట్టి నేను రొట్టెలు జేసుకున్న. వాడు మంచిగనే ఉన్నడు గద" అని దెప్పేది. వాడికి నేను లేను, దీనికి ఉన్నాను అని జవాబిచ్చేవాడిని.

ఏడో నెల నిండింది. ఎదురింటి పిల్లవాడు పాప కన్నా ఆరు రోజులు చిన్న. వాడు అప్పటికే బోర్లాపడి, పొట్ట మీద ఈదుకుంటూ గుమ్మం దాకా వస్తున్నాడు. మా పాపను మంచం మీద పడుకోబెడితే పెట్టినట్టే ఉండేది. ఫ్యాను వైపు చూసి, తర్వాత నా వైపు చూసి చేతులు చాపేది. నేను ఎత్తుకునేవాడిని. ఒక సాయంత్రం కోడలు చెప్పులు కూడా విప్పకుండా నా ముందు నిలబడింది. "మామయ్యా, పాప ఇంకా బోర్లపడతలేదు. ఏమన్న ఉన్నదేమోనని భయమైతుంది" అంది. నాకు కోపం వచ్చింది. "పిల్లలేమన్న పరీక్ష రాస్తున్నరా, ఎవరు ముందు ఎవరు ఎనుక అని?" అన్నాను. ఆమె పాపను ఎత్తుకుని లోపలికి పోయింది. అప్పటికి నెల రోజుల నుంచి ఆ భయం నాకూ ఉంది, పైకి అనలేదంతే.

మర్నాడు కొడుకు డ్యూటీకి పోతే, నేనూ మా ఆవిడా కోడలూ పాపను తీసుకుని ఏఎస్ రావు నగర్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో వెళ్ళాం. ఆమె గిలక్కాయ ఊపి చూసింది, కళ్ళు చూసింది, చేతులు పట్టి మెల్లగా పైకి లేపి చూసింది. తర్వాత బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది. పాప ముఖం దుప్పటికి ఆనించి గట్టిగా ఏడ్చింది. నా చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. "ఆగండి" అని డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కొద్దిసేపయ్యాక తనే ఎత్తి నాకిచ్చింది.

"పగలు పాప ఎక్కడుంటుంది?"

కోడలు, మా ఆవిడ ఇద్దరూ నా వైపు చూశారు. నా ఒళ్ళో అన్నాను. నిద్రపోయేటప్పుడు? నా గుండెల మీద. ఆడుకునేటప్పుడు? అదీ ఒళ్ళోనే.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఇప్పటికి నాకు తేడా ఏం కనిపించలేదు. ఎత్తుకోవడం తప్పు కాదు, అది పిల్లలకు కావాలి. కానీ ఒళ్ళో ఉన్నంతసేపూ పాప నడుం పని, భుజాల పని మీరే చేసేస్తున్నారు. తన బరువు తను మోయడం నేర్చుకోవాలి. మెలకువగా ఉన్నప్పుడు రోజూ నాలుగైదుసార్లు కింద పడుకోబెట్టండి, కాసేపు వెల్లకిలా, కాసేపు బోర్లా. పక్కనే కూర్చోండి. నెల రోజులు చూద్దాం. అప్పటికీ కదలకపోతే పరీక్షలు చేయిద్దాం" అంది.

తిరిగి ఆటో ఎక్కాం. హబ్సిగూడ దాకా నాకు డాక్టరమ్మ మీద కోపం. ఆ తర్వాత ఆ కోపం నా మీదికి మళ్ళింది. ముద్దు చేస్తున్నాననుకుంటూ దీన్ని నేనే ఆపేశానా అని ఒకటే ఆలోచన. నా భుజం మీద పాప హాయిగా నిద్రపోతోంది.

హాల్లో చాప వేసి, దాని మీద బొంత పరిచాం. మొదటిరోజు పాప ఏడవగానే ఎత్తేసుకున్నాను. రెండోరోజూ అంతే. మూడోరోజు మా ఆవిడ "చేతులు కిందికి వెట్టుకో" అని గద్దించింది. మా ప్రెస్సుకు రెండు బటన్లుండేవి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే అచ్చు కిందికి దిగేది. చేతులు లోపల పడి నలగకుండా ఆ ఏర్పాటు. నా చేతులు ఎక్కడుండాలో ముప్పై ఏళ్ళు మిషనే చెప్పింది. ఈ చిన్న పిల్ల ముందు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

కూర్చుంటే దానికి నా ముఖం కనపడడం లేదని తోచి నేను కూడా బండల మీద బోర్లా పడుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా. నడుం పట్టేసేది, అయినా లేవబుద్ధి అయ్యేది కాదు. కింది నుంచి చూస్తే మా ఇల్లు నేను ఇరవై ఏళ్ళు అద్దె కట్టి, తర్వాత కొనుక్కున్న ఇంటిలా లేదు. బీరువా కింద చీకటి ఎంతో లోతుగా, చల్లగా కనిపించేది. కిటికీ వెలుగులో దుమ్ము కణాలు పైకీ కిందికీ తేలుతూ ఉండేవి. వంటింట్లో మా ఆవిడ పాదాలు మాత్రమే అటూ ఇటూ తిరిగేవి. పాప తల ఒక్క క్షణం లేచి, మళ్ళీ బొంత మీద పడేది. మళ్ళీ లేచేది. ఏడుపు మెల్లగా మూలుగైంది, మూలుగు కబుర్లయింది. ఆ మధ్యాహ్నాలు ఎంతసేపు సాగేవో నాకు తెలియదు.

మూడో వారంలో ఒక రోజు తను వెల్లకిలా ఉంది. కిటికీ ఊచల నీడలతో ఒక ఎండ ముక్క బొంత పక్కన బండ మీద పడింది. దాని వైపు చూసింది. చెయ్యి చాపింది, అందలేదు. కాలు ఎత్తి ఇటు వేసింది, నడుం తిప్పింది, పక్కకు ఒరిగి అక్కడే ఆగిపోయింది. మళ్ళీ ఒక తోపు తోసి బోర్లా పడింది. కానీ చెయ్యి కింద ఇరుక్కుంది. ముఖం ఎర్రగా చేసుకుని ఏడుపు అందుకుంది.

మా ఆవిడ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "చెయ్యి ఇరికింది, ఎత్తుకోవయ్యా" అంది.

"ఆగు. అదే తీసుకుంటది" అన్నాను. అంటున్నది నేనేనా అనిపించింది.

భుజం కదిలింది. మోచెయ్యి కదిలింది. చివరికి చిట్టి పిడికిలి బయటికొచ్చింది. పాప ఏడుపు ఆపి, రెండు చేతుల మీద ఆని తలెత్తింది. ఈసారి నేను చూశాను. నాకు ఏడుపొచ్చింది, తుడుచుకోలేదు కూడా. కోడలికి ఫోన్ చేస్తే గంటలో వచ్చింది. పాప ఆమె ముందు కూడా బోర్లాపడింది. తల్లి అక్కడే నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది.

సాయంత్రం ఇక ఆగలేక పాపను ఎత్తుకున్నాను. గుండెకు హత్తుకుని వీపు నిమిరాను. తను ఎప్పటిలా మెడ మీద తల వాల్చలేదు. రెండు చేతులతో నా గుండెను వెనక్కి తోసి, కిందికి వంగి నేల వైపు చూసింది. కాళ్ళు తన్నింది. నాకు బాధ కలిగింది, దాచుకోను. ఒళ్ళు దానికి కావాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను, కావలసింది నాకేనేమో. ఇంకొక్క నిమిషం అలాగే పట్టుకున్నాను. మళ్ళీ తన్నింది. దింపేశాను.