కిష్కింధ ముక్క ఎప్పుడు వేయాలి

మొన్న ఆదివారం మా అబ్బాయి కార్డుల ప్యాకెట్ చింపగానే కొత్త ఇంకు, బబుల్‌గమ్ పొడి కలిసిన తియ్యటి వాసన గుప్పుమంది. కాఫీ గ్లాసు చేతిలోనే ఉండగా నా మనసు వెళ్లి భవానీపురంలో మా పాత ఇంటి మెట్ల మీద కూర్చుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి వేసవులవి. మధ్యాహ్నమయ్యేసరికి కృష్ణానది మీది నుంచి వచ్చే గాలి కూడా ఇసుక వేడిని మోసుకొచ్చేది. వంటింట్లో ఆవకాయకి కొట్టిన కారం ఘాటు వీధి దాకా వచ్చి అందరినీ తుమ్మించేది. వరండాలో చాప మీద మా తాతయ్య, ఆయన రిటైరైన స్నేహితులు పేకాడుకుంటూ, ఒక్కో ముక్కకీ ఒక్కో పొడుం పట్టు పీలుస్తూ ఉండేవాళ్లు. కింద మెట్ల మీద మా ఆట వేరు. బడ్డీ కొట్లో బబుల్‌గమ్‌తో పాటు వచ్చే వింత జంతువుల కార్డులు మావి. ప్రతి జంతువుకీ ఒక బలం అంకె, ఒక రంగు, కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. చేతిలో ఐదు కార్డులు. ఒకే రంగువి మూడు చేరితే ఒకేసారి దించి ఆట ముగించొచ్చు.

అందులో మూడు తోకల కోతి ఒకటుంది. బలం రెండే. ఎలక బొమ్మ వేసినా చచ్చేది. కానీ అది నేల మీద పడిందంటే ఎదుటివాడు చేతిలోవన్నీ కట్ట అడుగున పెట్టేసి కొత్తవి తీసుకోవాల్సిందే. మేం దాన్ని కిష్కింధ అనేవాళ్లం. వీధి మొత్తానికి అది నా దగ్గరే ఉండేది. దాన్ని వాడటంలో నన్ను మించినవాడు లేడని ఇప్పటికీ చెప్పగలను.

తెలియనివాడు అది చేతికి రాగానే వేసేస్తాడు. అది దండగ. మొదట్లో ఎదుటివాడి చేతిలో ఉండేది చెత్తే కాబట్టి, దాన్ని మార్పించి వాడికి మేలు చేసినట్టవుతుంది. ఆగాలి. "ముక్క కాదురా, మొహం చూడు" అనేవాడు తాతయ్య. ఎదుటివాడు ఒక కార్డుని చివరికి జరిపి, దాని పక్కనే ఇంకోటి చేర్చి, ఉన్నట్టుండి మాటలు తగ్గించాడంటే రెండు కుదిరాయని, మూడోదాని కోసం చూస్తున్నాడని అర్థం. అప్పుడు వేయాలి. కోతి ఎలాగూ చస్తుంది గనక దాని వెనక వేయడానికి గట్టి జంతువొకటి సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంకో సంగతి: ఒక్కసారి దాని దెబ్బ తిన్నవాడు తర్వాత అది మన చేతిలో లేకపోయినా భయపడతాడు. మంచి కార్డుల్ని దాచుకోలేక తొందరపడి ముందే పారేసుకుంటాడు. కోతి చేసే పనికంటే కోతి భయం చేసే పనే ఎక్కువ.

ఇంత తెలిసినవాడికి మోసంతో పనేమిటి? అయినా చేశాను.

ఎదురింటి రఫీ నా ఈడువాడు, మునిసిపల్ స్కూల్లో తెలుగు మీడియం. నేను కాన్వెంటు. అందుకని ఏ కొత్త కార్డొచ్చినా వీధిలో చదివి చెప్పేది నేనే, నేను చెప్పిందే రూలు. వాడి దగ్గర వాళ్ల మామయ్య హైదరాబాదు నుంచి తెచ్చిన బంగారు రంగు తాబేలు కార్డుండేది. రాత్రిళ్లు దిండు కింద పెట్టుకునేవాడు. గెలిచినవాడు కోరిన కార్డు ఓడినవాడు ఇచ్చెయ్యాలన్న పందెం మీద, ఒకరోజు నేను పోరగా పోరగా దాన్ని ఆటలోకి దించాడు.

కార్డులు పంచేముందు కిష్కింధని తిప్పి చూశాడు. "ఒరే శీనూ, ఇక్కడ కింద సన్నక్షరాలున్నాయి, ఏం రాశార్రా?"

"కంపెనీ అడ్రసురా."

"సరే, వెయ్యి."

ఒకసారి వాడాక ఆ కార్డుని ఆటలోంచి తీసేయాలని రాసుంది అక్కడ. నేను మాత్రం వాడిన ప్రతిసారీ దాన్ని మళ్లీ నా చేతిలోకే తీసుకున్నాను. మూడుసార్లు వాడి చెయ్యి ఖాళీ చేయించాను. ఆట అయ్యాక రఫీ తాబేలుని చొక్కాకి తుడిచి నా చేతిలో పెట్టాడు. "గెలిచావుగా, తీసుకో" అని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆ వారమే మిలాద్ పండగ. వాళ్లమ్మ పిలిచి కుంకుమపువ్వు రంగులో మెరిసే తియ్యన్నం పెట్టింది. ఇంటర్ చదివే వాళ్ల ఆపా, అంటే అక్క, నా జేబులోంచి జారిన కిష్కింధని తీసి పైకే చదివింది. "ఒక్కసారే వాడాలని ఉందిగా ఇందులో? మరి మూడుసార్లు వేశాడన్నావు?"

రఫీ నా వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"ఆ రూలు మా వీధిలో లేదులే ఆపా" అన్నాడు.

మర్నాడు తాబేలుని తీసుకెళ్తే, "పోయిన కార్డు వెనక్కి తీసుకుంటారట్రా ఎవడన్నా?" అని నవ్వేశాడు.

ఇప్పుడు ఆ మెట్లు లేవు, ఆ చోట అపార్టుమెంటు లేచింది. బడ్డీ కొట్టూ లేదు, తాతయ్య చాపా లేదు. రఫీ చల్లపల్లిలో బట్టల షాపు పెట్టుకున్నాడు. ఫోన్లో అరేయ్ ఒరేయ్ అనే పలకరించుకుంటాం. పెద్దయ్యాక ఒకసారి క్షమించమని అడిగితే, "ఇంకా గుర్తుందా నీకు!" అని మాట మార్చాడు. అవన్నీ కాలం తీసుకుపోయింది, దాన్ని అని లాభం లేదు. ఒకటి మాత్రం నేను చేతులారా పోగొట్టుకున్నాను. పదో తరగతి దాకా రఫీ నాతో రోజూ ఆడాడు, నవ్వాడు, నా కంచంలో తిన్నాడు. కానీ కొత్త కార్డు దొరికితే ముందు లేచి ఇంట్లోకి వెళ్లేవాడు, ఆపా చేత చదివించుకుని వచ్చి కూర్చునేవాడు.