కల్బా షెడ్డులో వెచ్చగా ఉన్న ఇంజిన్

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. దుబాయ్ కార్మికుల క్యాంపుల్లో ఇలాంటి కథలకు కరువు లేదు. ఫలానా గదిలో కుళాయి దానంతటదే తిరుగుతుందంటారు, ఫలానా రోడ్డు మీద ఎవరో లిఫ్ట్ అడిగి మాయమవుతారంటారు. పన్నెండేళ్ళుగా వింటున్నాను, ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు రాయబోయేది దయ్యం కథ అని కూడా నేను అనుకోవడం లేదు. ఏమనుకోవాలో తెలియక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

షార్జా దగ్గర సజ్జాలో మాకొక చిన్న యార్డు ఉంది. మూతపడే వర్క్‌షాపుల నుంచి పాత లేత్‌లు, డ్రిల్లింగ్ మిషన్లు, కంప్రెసర్లు, తోటల నుంచి పాత ట్రాక్టర్లు చవగ్గా కొంటాం. బాగుచేసి అమ్ముతాం. మొదలుపెట్టింది మా బావ, అంటే మా అక్క భర్త. నాకు పని నేర్పిందీ ఆయనే.

లేత్ కొనేటప్పుడు రంగు చూడొద్దనేవాడు బావ. ముక్కను బిగించే చక్ పక్కన, కింది బెడ్ మీద గోటితో రాసి చూడమనేవాడు. పనంతా అక్కడే జరుగుతుంది కాబట్టి అరుగుదల కూడా అక్కడే ఉంటుంది. ట్రాక్టరుకి ఇంకో పద్ధతి. అమ్మేవాళ్ళు పదింటికి రమ్మంటే ఎనిమిదింటికే వెళ్ళాలి. వేరే ఏదీ చూడకముందు ఇంజిన్ మీద చెయ్యి వెయ్యాలి. చల్లగా ఉంటే బేరం మొదలుపెట్టాలి, వెచ్చగా ఉంటే తిరిగి వచ్చెయ్యాలి. అరిగిపోయిన ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒక పట్టాన స్టార్ట్ అవదు. అందుకని కొనేవాళ్ళు వచ్చేలోపు ఒకసారి నడిపి వేడెక్కించి ఉంచుతారు.

యార్డు పెట్టకముందు బావ కల్బా వైపు ఏదో ఖర్జూరం తోటలో ఆరేళ్ళు ట్రాక్టరు నడిపాడు. అంతకు ముందు ఒక సైట్‌లో ఎడమకాలు విరిగి, అతుక్కున్నాక కాస్త పొట్టిదైంది. క్లచ్ అందక పెడల్ మీద ఒక ఇనుప ముక్క వెల్డింగ్ చేసుకున్నాడట. ఆ ట్రాక్టరు గురించి మొదలుపెడితే ఆపేవాడు కాదు. అది ఏ తోటో నేనెప్పుడూ అడగలేదు.

2020లో, మనిషికి మనిషి దూరంగా నిలబడిన ఆ నెలల్లో, బావకు జ్వరం వచ్చింది. మూడోరోజుకి ఊపిరి అందలేదు. అంబులెన్స్ యార్డు గేటు దాకా వచ్చింది. దాని మెట్టు ఎత్తుగా ఉంది. బావ కుడికాలు పెట్టి, ఎడమకాలు ఎత్తలేక ఆగిపోయాడు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఎక్కేవాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. కదల్లేదు. బావ నావైపు తిరిగి చెయ్యి కదిపాడు. రావద్దన్నాడో, చెయ్యి ఇమ్మన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఒళ్ళంతా ముసుగు వేసుకున్న మనిషి ఒకడు లోపలినుంచి లాగి ఎక్కించాడు.

పదకొండో రోజు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. దహనం ఇక్కడే జరిగింది. అక్క ఫుజైరాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. సజ్జాకి గంటన్నర దూరం కూడా ఉండదు. కానీ ఆ రోజుల్లో ఆ ఇంటివాళ్ళు ఆమెను గేటు దాటనివ్వలేదు. ఫోన్‌లో అక్క ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"చెయ్యి పట్టుకుని ఎక్కించావా తమ్ముడూ?"

"ఎక్కించానక్కా" అన్నాను.

ఆ తర్వాత ఆమెతో మాట్లాడిన ప్రతిసారీ ఆ అబద్ధం మా మధ్య ఉండేది. చెప్పేద్దామని ఫోన్ తీసి, ఊళ్ళో వానల గురించి మాట్లాడి పెట్టేసేవాణ్ణి.

రెండు చలికాలాలు గడిచాక, కల్బా దగ్గర ఒక తోట ఖాళీ చేస్తున్నారని తెలిసింది. బావి నీళ్ళు ఉప్పుబారిపోయి చెట్లు ఎండిపోయాయట. రెండు ట్రాక్టర్లు, ఒక పంపు, ఒక డ్రిల్లింగ్ మిషన్ ఇనుము తూకం ధరకే ఇచ్చేస్తారన్నారు. తోట అర్బాబ్, అంటే యజమాని, పదింటికి రమ్మన్నాడు. నేను ఎనిమిదింటికే వెళ్ళాను. తోట కాపలా చూసే నజీర్ భాయ్‌ది కడప. నన్ను చూడగానే తెలుగువాణ్ణని పోల్చుకున్నాడు.

"ఏందన్నా, పదికి రమ్మంటే ఎనిమిదికే దిగినావే? ఈడ నాష్తా పెడతారని ఎవరన్నా చెప్పినారా?"

నవ్వుకుంటూ షెడ్డు చూపించాడు. పైన రేకులు, తూర్పున గోడ. పడమట కొండలవైపు మాత్రం తెరిచి ఉంది. ఎండ లోపలికి రాలేదు. జనవరి నెల, నేను స్వెట్టరులో ఉన్నాను. మొదటి ట్రాక్టరు నీలం రంగుది. చెయ్యి వేశాను. రాయిలా చల్లగా ఉంది. రెండోది ఒకప్పుడు ఎర్రగా ఉండేదేమో. టైర్లలో గాలి లేదు. బానెట్ మీద దుమ్ము మందంగా పేరుకుంది. సైలెన్సరుకీ స్టీరింగుకీ మధ్య సాలెగూడు ఉంది. ఇంజిన్ పక్కన చెయ్యి వేశాను.

వెచ్చగా ఉంది. అరగంట క్రితం ఆపిన ఇంజిన్ ఎలా ఉంటుందో అలా.

చెయ్యి తీసేశాను. ముందు నాకు వచ్చింది కోపం.

"నజీర్ భాయ్, పొద్దున దీన్ని ఎవరు స్టార్ట్ చేశారు?"

"దీన్నా? దీన్ని స్టార్ట్ చేసే మొనగాడు ఇంగా పుట్టలేదు. నేనొచ్చి నాలుగేండ్లాయ, దీని గొంతు ఒగసారి గూడా ఇనలేదు. బ్యాటరీ యాడుందో చూపీ."

బ్యాటరీ పెట్టే చోటు ఖాళీగా ఉంది. డీజిల్ ట్యాంకు మూత తీసి పుల్ల దింపి చూశాను. పొడిగా వచ్చింది. నజీర్ భాయ్‌ని ఇంజిన్ మీద చెయ్యి వేసి చూడమన్నాను. వేశాడు. మొహంలో నవ్వు పోయింది.

"ఎండ తగిలింటాదిలే" అన్నాడు. ఎండ ఎక్కడుందని నేను అడగలేదు. "యల్లా, చాయ్ పెడతా" అని వెళ్ళిపోయాడు.

పద్ధతి ప్రకారం నేనూ వెనక్కి వెళ్ళిపోవాలి. వెళ్ళబోతూ కిందికి చూశాను. క్లచ్ పెడల్ మీద బెత్తెడు ఇనుప ముక్క ఉంది. వెల్డింగ్ అతుకు మోటుగా, కానీ గట్టిగా ఉంది. బావ అతుకు నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

మళ్ళీ చెయ్యి వేశాను. ఈసారి తియ్యలేదు. ఎంతసేపు నిలబడ్డానో చూసుకోలేదు. నా చేతి కిందే మెల్లగా చల్లారింది. చాయ్ తాగుదువు రమ్మని నజీర్ భాయ్ రెండుసార్లు పిలిచాడు.

అర్బాబ్ వచ్చి ధర చెప్పాడు. సరేనన్నాను. బేరమాడని మనిషిని చూసి ఆయనకే అనుమానం వచ్చినట్టుంది, నల్లకళ్ళద్దాలు తీసి నన్ను పరీక్షగా చూశాడు.

"ఖలాస్?" అన్నాడు, బేరం ముగిసినట్టేనా అని.

"ఖలాస్."

ఆ ఎర్ర ట్రాక్టరును, చెడిపోయిన బండ్లను మోసే రికవరీ బండి మీద సజ్జాకి తెచ్చాను. నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. రేకుల వేడి అయితే నీలం ట్రాక్టరు కూడా వెచ్చగా ఉండాలి. నన్ను మోసం చెయ్యడానికి ఎవరైనా మంట పెట్టి వేడి చేశారనుకుందామంటే మసి లేదు, దుమ్ము చెదరలేదు. నా మనసే కల్పించుకుందా అంటే, నజీర్ భాయ్ చేతికి ఏ దుఃఖమూ లేదు. మా మెకానిక్ ఇంజిన్ విప్పాడు. పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకు అతుక్కుపోయి ఉన్నాయి. అది తిరిగి ఏళ్ళయిందన్నాడు. నెలరోజులు పొద్దున్నే దాని మీద చెయ్యి వేసి చూశాను. ఒక్కరోజూ వెచ్చగా లేదు.

విడిభాగాల కోసం ఒకాయన అడిగాడు. ఇచ్చేముందు అక్కకు ఫోన్ చేసి ట్రాక్టరు సంగతంతా చెప్పాను. ఆ ఆదివారం సెలవు తీసుకుని బస్సెక్కి వచ్చింది. యార్డులో ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇదేనేంట్రా? మీ బావ చెప్పేదాన్నిబట్టి నేనేదో విమానం అనుకున్నాను" అంది. ఇద్దరం నవ్వాం. పెడల్ మీది ఇనుప ముక్కను చెప్పు విడిచి కాలితో తాకి చూసింది. "ఎక్కడ పెట్టావు చెయ్యి?" అని అడిగింది. చూపించాను. అక్కడే పెట్టింది.

ఆమె వీపు నావైపు ఉంది. బహుశా అందుకే చెప్పగలిగాను.

"అక్కా, ఆ రోజు నేను పట్టుకోలేదు. దూరంగా నిలబడ్డాను."

అక్క తిరగలేదు.

"తెలుసురా" అంది. "పట్టుకున్నోడివైతే ఒళ్ళు ఎంత కాలిపోతోందో ముందు అదే చెప్పేవోడివి. ఒక్కసారీ చెప్పలేదు నువ్వు."

నేను కదల్లేదు. "ఇలా రా" అంది. వెళ్ళాను. నా చెయ్యి తీసుకుని ఇంజిన్ మీద పెట్టి, పైన తన చెయ్యి ఉంచింది. మధ్యాహ్నం బస్సు వేళ దాకా అలాగే నిలబడ్డాం.

ట్రాక్టరు అమ్మలేదు. కల్బాలో ఆ పొద్దున అది ఎందుకు వెచ్చగా ఉందో నాకు తెలియదు. ఆ ఆదివారం కూడా నా అరచేతికి వెచ్చగానే తగిలింది. ఆ వెచ్చదనం కింద ఇనుముదో, పైన అక్క చేతిదో చెప్పలేను.