జకరయ్య ముక్కల వేట

మైపాడులో ఎవరి ఫోన్లో వీడియో బొమ్మ ఆగినా సరే, చేపల ఆటో నడిపే జకరయ్య అక్కడ వాలిపోతాడు. చేస్తున్న పని వదిలేసి, ఫోన్లోకి తొంగి చూసి, ఒకటే ప్రశ్న వేస్తాడు: "రాలిపోయిన ముక్కలు ఏడ పడినట్టు?"

అన్న కూతురు లిల్లీకి ఆ మాట వింటే ఒళ్ళు మంట. "అవేమన్నా చేపలా చిన్నాయనా, ఏరుకొచ్చుకోడానికి?"

"చేపలే అనుకో అమ్మణ్ణీ. ఆటోలో పెట్టెలు కుక్కితే నెల్లూరు చేరేలోపల నాలుగు కింద పడవా? బొమ్మ కూడా ముక్కలుగానే పోతాది. దారి ఇరుకైతే కొన్ని రాలిపోతాయి. రాలిన చోటల్లా బొమ్మ గళ్ళు గళ్ళుగా ఆగిపోతాది!"

ఒకసారి క్రికెట్ ఆఖరి ఓవర్లో బొమ్మ బిగుసుకుపోతే ఊరంతా టవర్‌ని తిట్టింది. ఈయన మాత్రం, "చూసినారా, బ్యాటు వచ్చింది, బంతి రాలిపోయింది!" అని మురిసిపోయాడు. కొట్టబోయినవాళ్ళను పక్కింటి హజరత్తయ్య అడ్డుపడి ఆపాడు.

ఇంతలో లిల్లీకి పెళ్ళి కుదిరింది. దిగులల్లా ఒక్కటే. తనను పెంచిన ఎలిశబెతు అవ్వ తుంటి విరిగి విడవలూరులో మంచం మీద ఉంది. ఫోన్లో పెళ్ళి చూపిద్దామని ముందురోజు చర్చిలో, చుట్టాలంతా ఫోటోలు తీసి పంపుకుంటున్న ప్రార్థనప్పుడు పరీక్షగా పెడితే, అవ్వకు పాస్టరుగారి ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. లిల్లీ ఏడ్చేసింది.

తెల్లారి పెళ్ళికూతురు చర్చికి వచ్చేసరికి గుమ్మంలో చేపల ఐసుపెట్టె! దాని పక్కన జకరయ్య. "ఫోన్లు ఆపేసి ఇందులో వెయ్యండయ్యా."

"కంపు కొడతాదే!" అని కోవూరు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు మేనత్త మొత్తుకుంది.

"కడిగినానమ్మా, సబ్బు పెట్టి."

లిల్లీకి తల కొట్టేసినట్టయింది. "చిన్నాయనా, ఈ ఒక్కరోజన్నా నీ పిచ్చి మానుకోరాదా?"

"నీది కూడా వెయ్యి తల్లీ," అన్నాడాయన పెట్టె చాపుతూ.

లోపల మిగిలింది అవ్వకు చూపించడానికి లిల్లీ తమ్ముడు బెన్హర్ స్టాండుకు బిగించిన ఫోన్ ఒక్కటే. పాస్టరుగారు "ఇతన్ని భర్తగా అంగీకరిస్తున్నావా?" అని అడిగారు. అవ్వ గుర్తొచ్చి లిల్లీ తల దించి కొంగుతో కళ్ళు తుడుచుకోసాగింది.

"ఊఁ అను మే! అందరూ కాచుకోనుండారు!" ఫోన్లోంచి అవ్వ గొంతు ఖంగుమంది. "కళ్ళెందుకట్లా ఎర్రగా ఉండాయి?"

కళ్ళ ఎరుపు కూడా కనబడుతోందన్నమాట! లిల్లీ నవ్వుతూ, ఏడుస్తూ "అంగీకరిస్తున్నాను" అంది.

పెళ్ళి అయ్యాక బయటికొచ్చి చూస్తే జకరయ్య ఇంకా ఆ పెట్టె మూత మీదే కూర్చుని ఉన్నాడు.

"అందరూ ఒకేసారి ఫోటోలు పంపితే, అవ్వకు పోయే ముక్కలకు దారేది అమ్మణ్ణీ?"

"మరి నువ్వు పెళ్ళి చూడనే లేదు కదా చిన్నాయనా!"

"దానికేముంది, రేపు విడవలూరు పోతా. అవ్వనడిగితే ఒక్క ముక్క రాలకుండా చెప్తాది."